కోటు మాస్టారి నాలుగు పళ్ళు

కోటు మాస్టారి పై వరసలో ముందుపళ్ళు నాలుగు పోయాయంటే అది వయసు తప్పు కాదు, దారం తప్పు. ముప్పై ఆరేళ్ళుగా ఆయన దారం తెంపింది కత్తెరతో కాదు, పళ్ళతో. కత్తెర బల్ల మీదే ఉంటుంది, చెయ్యి చాస్తే అందుతుంది. కానీ ఒక చేతిలో గుడ్డ, ఇంకో చేతిలో సూది పట్టుకున్న మనిషికి చాచడానికి మూడో చెయ్యి ఎక్కడిది? అందుకని వంగడం, 'టప్'మని కొరకడం. రోజుకి వందసార్లు. మొదట ఒక పంటి అంచున చిన్న గంటు పడింది. దారం సరిగ్గా ఆ గంటులోకే వచ్చి కూర్చునేది. "చూశారా ఎంత కుదురుగా ఉందో! మెషీనుకి కూడా ఇంత ఏర్పాటు లేదు" అని మాస్టారు దాన్ని వేలితో తడిమి మరీ చూపించేవారు. తరవాత గంటు బీటయింది, బీట పక్క పంటికి పాకింది, ఏడాది తిరిగేసరికి నాలుగూ ఒకదాని వెనక ఒకటి సెలవు పుచ్చుకున్నాయి.

ఆ సందులో గుండుసూదులు ఆరు పడతాయని ఆయనే కనిపెట్టి కొన్నాళ్ళు సంతోషించారు. అదొక్కటే లాభం. నష్టం మాత్రం రోడ్డంతటికీ జరిగింది, ఎందుకంటే మాస్టారు నవ్వడం మానేశారు.

ఆ నవ్వు మామూలు నవ్వు కాదు మరి. దుకాణంలో పుట్టి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పోస్టాఫీసు రెండో కౌంటరు దాకా వెళ్ళేది. ఆ కౌంటర్లో ముప్పై నాలుగేళ్ళుగా కూర్చున్నది ఆయన భార్యే. లైన్లో నిలబడ్డ కొత్తవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే, ఆవిడ తలెత్తకుండానే, "మా ఆయనే లెండి" అని ముద్ర కొట్టేసేది. అంత నవ్వు కాస్తా ఇప్పుడు అరచేతి వెనకాల పిల్లి తుమ్మినట్టు వస్తోంది. ఎవరైనా దుకాణంలోకి వస్తే చాలు, మాస్టారి ఎడమ చెయ్యి దానంతటదే మూతి మీదికి పోతోంది.

ఇలా ఆరు నెలలు గడిచాక ఒక సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ అంది:

"నెలాఖరు శుక్రవారం నాకు ఆఫీసులో ఆఖరి రోజు. నాలుగింటికి మీటింగు పెడుతున్నారు. మీరొచ్చి మైకులో రెండు మాటలు మాట్లాడాలి."

"నేనా? ఈ నోటితోనా?"

"ఇంకో నోరుందేంటి మీకు?"

"నువ్వు మాట్లాడు. నేను వెనక వరసలో కూచుని గట్టిగా చప్పట్లు కొడతాగా."

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఒక్కటంటే ఒక్కటి అడిగానా?"

మాస్టారు ఆలోచించారు. అడిగినవి బోలెడు గుర్తొచ్చాయి. ప్రాణం మీద తీపి ఉన్న మనిషి కాబట్టి, "లేదు" అన్నారు.

"మరి! చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడాలి. నవ్వాలి కూడా. ఆ కుర్చీలో కూచున్నన్నాళ్ళూ మీ నవ్వు వింటూ కూచున్నాను. ఆఖరి రోజు వినకుండా లేచి రమ్మంటే నావల్ల కాదు."

మాట వెటకారంగానే అంది గానీ, మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. మాస్టారు అది చూశారు. మడతల సంగతి ఆయనకి తెలియనిదేముంది! మర్నాడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు. కాకపోతే ఒక షరతు పెట్టారు.

"ఈ సంగతి మూడో మనిషికి తెలీకూడదు."

"పళ్ళు లేని నోట్లోకి పళ్ళొస్తే జనం చూడరా? పాలపళ్ళు వచ్చాయని చెప్పమంటారా?"

"అందరూ నా చెయ్యి చూశారు గానీ లోపలేముందో ఎవరు చూశారే? పంటినొప్పి అనుకుంటున్నారు. తగ్గిందనుకుంటారు, అంతే."

పళ్ళ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. మాట కచ్చితం. మాస్టారి కళ్ళు మాత్రం ఆవిడ తెల్లకోటు మీద పడి అక్కడే ఇరుక్కుపోయాయి. భుజం కుట్టు మోచేతి దారి పట్టింది. చేతులు మూడు మడతలు పెట్టినా మణికట్టు దాటి జారుతున్నాయి.

"డాక్టరమ్మా, ఈ కోటు ఎవరు కుట్టారు?"

"రెడీమేడు. నోరు తెరవండి."

"కొలతలు తీసుకోకుండా..."

"మాస్టారూ, ఇప్పుడు నేను తీసుకునేది మీ కొలతలు. కదలకండి."

సగం ఊరిని నిలబెట్టి 'కదలకండి' అని అదిలించిన మనిషి, మొదటిసారి ఆ మాట తన మీదికే వచ్చేసరికి నోరు తెరుచుకుని ఉండిపోయారు. ఆవిడకి కావలసిందీ అదే. గులాబీరంగు ముద్ద నింపిన చిన్న పళ్ళెం ఒకటి లోపలికి తోసి, అంగిటికి అదిమిపట్టింది. మాస్టారికి కళ్ళంట నీళ్ళు, ముక్కంట గాలి. "ముక్కుతో ఊపిరి తీసుకోండి, కాళ్ళు అలా ఆడించకండి" అంది డాక్టరు. భార్య పక్కన నిలబడి, "ఇంత నిశ్శబ్దంగా ఈయన్ని నేనెప్పుడూ చూడలేదమ్మా. ఆ పళ్ళెం ఇంటికిస్తారా?" అంది.

తరవాత రంగు చూడాలన్నారు. తెలుపులో పదహారు రకాల పళ్ళు అట్టకి గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. మాస్టారు ఠక్కున అన్నిటికన్నా తెల్లటిదాని మీద వేలు పెట్టారు.

డాక్టరు నవ్వాపుకుని, "గోధుమరంగు కోటుకి మీరు మల్లెపూవు రంగు దారం వేస్తారా?" అని అడిగింది.

మాస్టారి వేలు మెల్లిగా వెనక్కి వచ్చింది. దారం రంగు కలపడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. నీలంలో ఇరవై నీలాలు చెప్పగలరు. అలాంటిది సొంత నోటి దగ్గరికి వచ్చేసరికి ఆశ కళ్ళకి అడ్డం పడింది. చివరికి అద్దం పట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, పగటి వెలుతురులో పక్క పన్నుతో పోల్చి, కొంచెం పాత తెలుపు ఒకటి ఎంచారు. "ఇప్పుడు సరిగ్గా ఎంచారు" అంది డాక్టరు.

మధ్యలో రెండుసార్లు వేసి చూసి, శుక్రవారానికి ఇంకా పదిరోజులు ఉందనగా పళ్ళు చేతికొచ్చాయి. గులాబీరంగు రేకు మీద నాలుగు పళ్ళు, ఇటూ అటూ సొంత పళ్ళకి తగులుకునే చిన్న తీగ కొక్కేలు. మాస్టారు వాటిని తిప్పి చూసి, "హుక్కుల పని బాగుంది" అని మెచ్చుకున్నారు. నోట్లో పెట్టుకున్నాక మెచ్చుకోలేకపోయారు.

"అమ్మా, నోట్లో ఎవరో చెప్పు విడిచి వెళ్ళినట్టుంది."

"వారం రోజులు ఓపిక పట్టండి. అలవాటవుతుంది."

మాస్టారు ఆవిడ వంక అదోలా చూశారు. చంక బిగుతుగా ఉందన్న ప్రతి మనిషికీ తను చెప్పే మాట అక్షరం పొల్లుపోకుండా అదే. "నేనూ ఇదే అబద్ధం చెప్తానమ్మా" అన్నారు.

"నాది నిజమే. ముక్కలు చిన్నవి చేసుకుని రెండు వైపులా నమలండి. పడుకునేముందు తీసి నీళ్ళలో పెట్టండి. మాట తేలికపడాలంటే రోజూ ఏదో ఒకటి పైకి చదవండి. ఎక్కడైనా గుచ్చుకుంటే నా దగ్గరికి రండి, మీరు మాత్రం ముట్టుకోకండి." అని, ఆయన భార్య వైపు తిరిగింది. "అన్నిటికన్నా ముఖ్యం, ఈ పళ్ళతో దారం కొరకకూడదు. మీరే చూసుకోవాలి."

"ఆ పని నాకొదిలెయ్యండి. ఎన్నేళ్ళ నించో గాజుసామాను పార్సెళ్ళు చూసుకుంటున్నదాన్ని" అంది ఆవిడ.

పైకి చదవమన్నారు, సరే. ఏం చదవాలి? ఇంట్లో పుస్తకం అంటూ ఉన్నది ఒక్కటే, కొలతల పుస్తకం. మాస్టారు దాన్ని తీసుకుని పొద్దున్నే ముందుగది కిటికీ దగ్గర కూర్చుని, గొంతెత్తి, ఒక్కొక్క మాటా నొక్కి చదవడం మొదలుపెట్టారు. మొదటి రోజు 'సీటు' అంటే ఈల వచ్చింది. రెండో రోజు ఈల తగ్గి నోట్లో నీళ్ళు ఊరాయి. మూడో రోజుకి మాట కుదురుకుంది. కుదురుకున్న ఆనందంలో గొంతు ఇంకొంచెం పెరిగింది.

"బేకరీ ఆయన! భుజం పద్దెనిమిది! ఛాతీ నలభై! నడుము నలభై రెండు!"

ఆ కిటికీకి ఎదురు కిటికీ బేకరీవాళ్ళ ఇల్లు. బేకరీ ఆయన ఆర్నెల్లుగా పొద్దున్నే నడకకి వెళ్తున్నాననీ, నడుము ముప్పై ఆరుకి దిగిందనీ ఇంట్లో చెప్పుకుంటున్నాడు. నడక అంటే పార్కు బెంచీ దాకా, జేబులో రెండు బన్నులతో. ఆ కబురు ఇప్పటిదాకా భార్య చెవిన పడలేదు. నలభై రెండు మాత్రం పడింది.

పావుగంటలో బేకరీ ఆయన పిండిచేతులతోనే వచ్చాడు.

"ఏం మాస్టారూ! నా ఒళ్ళు ఏమన్నా వార్తల్లో చదవాల్సిన సంగతా?"

"లేదు లేదు, ఊరికే... పుస్తకం సరిచూసుకుంటున్నా."

"కళ్ళతో సరిచూసుకోవచ్చుగా! మా ఆవిడ టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇంటికెలా పోను? మొన్నటిదాకా మీరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు, ఎంత ప్రశాంతంగా ఉండేది!" అని, ఉన్నట్టుండి ఆగి మాస్టారి ముఖంలోకి పరీక్షగా చూశాడు. "అవునూ, ముఖంలో ఏదో తేడా ఉంది. చిక్కారా? లావయ్యారా?"

"నిద్ర బాగా పడుతోంది" అని మాస్టారు గభాలున పెదవులు బిగించేశారు. లోపల్నించి ఆయన భార్య దగ్గు వినిపించింది. దగ్గు కాదది.

అంతా బాగానే ఉంది గానీ బుధవారం నాటికి ఎడమవైపు చిగురుమీద రేకు అంచు గుచ్చుకోవడం మొదలైంది. డాక్టరు రమ్మన్న మాట ఆయనకి గుర్తుంది. కానీ పక్కనే ఇంకో ఆలోచన కూర్చుంది. ఎన్ని వేల చంకలు విప్పి కుట్టిన చెయ్యి ఇది! ఇంత ముక్క సరిచేసుకోలేనా? కోటు తగిలించే చెక్కకొయ్యలు నున్నచేసే గరుకు కాగితం దుకాణంలో ఉండనే ఉంది. అంచు రుద్దారు. ఇంకాస్త రుద్దారు. పనిలో పనిగా హుక్కు కూడా బిగుతుగా ఉందనిపించి, పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కి వదులు చేశారు. నోట్లో పెట్టుకుంటే వెన్నలా ఉంది. 'ఈ మాత్రానికి డాక్టరెందుకు' అనుకున్నారు.

గురువారం పొద్దున్న ఒకాయనకి కొలతలు తీస్తూ, "ఛాతీ..." అన్నారో లేదో, నాలుగు పళ్ళూ దిగి నాలుక మీద కూర్చున్నాయి. మాస్టారు టక్కున నోరు మూసేశారు. మిగతా కొలతలన్నీ "ఊఁ", "ఊఁహూఁ"లతో సాగాయి. తన బట్ట ఆయనకి నచ్చలేదేమోనని ఆ పెద్దమనిషి భయపడి, వెళ్ళేటప్పుడు రెండుసార్లు నమస్కారం పెట్టాడు.

మాస్టారు పళ్ళు తీసి జేబులో వేసుకున్నారు. రేపు నాలుగింటికి మైకు. భార్య కోసం రహస్యంగా కుడుతున్న కోటు ఇంకా బల్లమీద సగంలోనే ఉంది. బూడిదరంగు పల్చటి కోటు, రెండు పెద్ద జేబులు. బీరువా తాళాలు పెట్టుకోడానికి జేబు లేదని ఉద్యోగమంతా విసుక్కుంది పాపం. దాన్ని అలాగే వదిలేసి, మూతిమీద చెయ్యి వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

డాక్టరు రేకుని దీపం కింద పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరు ముట్టుకున్నారు?"

మాస్టారు గోడ మీద క్యాలెండరు చదవసాగారు.

"మాస్టారూ, మిమ్మల్నే. మీరు కుట్టిన కోటుని ఎవరైనా ఇంటికి పట్టుకెళ్ళి, కూరగాయల కత్తితో చంక కోసుకుని, బాగుచెయ్యమని తెస్తే ఏం చేస్తారు?"

"ఒకాయన తెచ్చాడమ్మా. రెండేళ్ళు ఆయనతో మాట్లాడలేదు."

"మరి నేనెన్నేళ్ళు మాట్లాడకుండా ఉండమంటారు?"

"రేపు నాలుగింటి తరవాత ఎన్నేళ్ళయినా సరేనమ్మా" అన్నారు మాస్టారు. ఆ తరవాత కుర్చీలో ముడుచుకుని కూర్చుని, ఆఖరి రోజు సంగతీ, రెండో కౌంటరు సంగతీ, నవ్వు సంగతీ చెప్పారు. పళ్ళు లేని నోటితో చెప్పారు కాబట్టి సగం మాటలు గాలిగానే బయటికి వచ్చాయి. అయినా డాక్టరు మధ్యలో ఒక్క మాట కూడా మళ్ళీ అడగలేదు.

"సాయంత్రం దాకా ఇవి నా దగ్గర వదిలెయ్యండి. రుద్దిపారేసిన చోట మళ్ళీ నింపాలి, హుక్కులు బిగించాలి" అంది.

"అయితే మీ కోటు నా దగ్గర వదిలెయ్యండమ్మా."

"ఎందుకూ?"

"మొదటి రోజు నించీ ఆ భుజాలు చూడలేక ఛస్తున్నాను."

సాయంత్రం దుకాణం కట్టేసేవేళకి ఆయన నోట్లో పళ్ళు, డాక్టరు ఒంటిమీద కోటు చేరాయి. ఆయన "సీటు, సైజు, చుట్టుకొలత" అన్నారు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి దింపింది. "ఎలా ఉంది?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

కానీ ఆ పూటంతా డాక్టరు కోటుకే పోవడంతో, భార్య కోటు శుక్రవారం మూడున్నరకి గానీ పూర్తి కాలేదు. ఇస్త్రీ వేడి ఆరకుండానే పట్టుకెళ్ళి ఆవిడ భుజాల మీద వేశారు. ఆవిడ ముందు రెండు జేబుల్లోనూ చేతులు పెట్టుకుని చూసుకుంది. "ఇప్పుడు పెట్టారా జేబులు? తాళాలు అప్పజెప్పే రోజున!" అంది. అని, జేబుల్లోంచి చేతులు మాత్రం తియ్యలేదు.

పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే హాల్లో బల్లలు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. బేకరీ దంపతులు వచ్చారు. డాక్టరు కొత్త భుజాలతో వచ్చి చివర్లో కూర్చుంది. పై ఆఫీసరు మాట్లాడాక మాస్టారిని పిలిచి మైకు చేతికిచ్చారు. భార్య పక్కనే నిలబడింది.

"అందరికీ నమస్కారం" అన్నారు మాస్టారు. చెయ్యి అడ్డం లేదు. ఈల రాలేదు. "ఆవిడ ఈ కిటికీలో, నేను ఆ కిటికీలో, ఎదురెదురుగా కూర్చుని ఇన్నేళ్ళు గడిపాం. నేను పనిచేస్తున్నానో, పేపరు చదువుతున్నానో ఆవిడకి ఇక్కణ్ణించి కనపడేది. అందుకే నేను పని నేర్చుకున్నాను."

జనం నవ్వారు. మాస్టారు నవ్వలేదు. పెదవులు కుట్టు వేసినట్టు బిగించే ఉన్నారు. మాట్లాడటం వరకు ధైర్యం వచ్చింది గానీ, నోరు బార్లా తెరవడానికి రాలేదు. భార్య ఆయన వైపే చూస్తోంది. రెండు మాటలూ అయిపోయాయి. ఇక దిగిపోవడమే.

సరిగ్గా అప్పుడు ఆయన కంటికి కనపడింది. ఆవిడ కోటు కుడిచేతి అంచున, తొందరలో మిగిలిపోయిన బూడిదరంగు దారం, బెత్తెడు పొడుగు, ఫాను గాలికి ఊగుతోంది. తన చేతి పని! ఇంతమంది ముందు!

మాస్టారు ఇంకేం ఆలోచించలేదు. ఆవిడ మణికట్టు పట్టుకుని పైకెత్తారు. హాలంతా "ఓహో!" అంది. చేతికి ముద్దు పెట్టబోతున్నారనుకుని ఎవరో ఈల వేశారు, బేకరీ ఆవిడ చప్పట్లు కొట్టింది. మాస్టారు తల వంచారు. నోరు తెరిచారు.

"అయ్యయ్యో, కొరక్కండి! కొత్త పళ్ళు!" అంది భార్య.

మైకు ఆయన రెండో చేతిలో, ఆవిడ గడ్డం కిందే ఉంది. 'కొత్త పళ్ళు' అన్నమాట హాలు నాలుగు మూలలూ తిరిగి, కిటికీలోంచి రోడ్డు మీదికి కూడా వెళ్ళింది.

కోటు చేతులు ఇప్పుడు సరైన కొలతకి వచ్చిన డాక్టరు, అరచేతుల్లో ముఖం దాచుకుంది. మాస్టారి చెయ్యి అలవాటు కొద్దీ మూతి మీదికి బయల్దేరబోయింది. కానీ ఒక చేతిలో మైకు, ఒక చేతిలో భార్య మణికట్టు. మూడో చెయ్యి ఎక్కడిది?

అలా నోరు తెరుచుకునే నిలబడిపోయారు. నాలుగు పళ్ళూ అందరికీ కనపడుతున్నాయి. పక్కవాటితో రంగు భలే కలిసింది.

వెనక వరసలోంచి బేకరీ ఆయన లేచాడు. "ఇదా సంగతి! పోనీలెండి మాస్టారూ, పళ్ళు ఎవరివైతేనేం. నా నడుము ముప్పై ఆరని ఆ మైకులోనే ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకోండి. మా ఆవిడ పక్కనే ఉంది."

"నలభై రెండు!" అన్నారు మాస్టారు.

అనేసి నవ్వారు. ఆరు నెలలుగా ఎక్కడ దాక్కుందో ఆ నవ్వు, మొదట గొంతులో గుర్రుమని, తరవాత పొట్ట అదిరి, మైకు కీచుమని, తలుపులు తీసి ఉన్నాయి కాబట్టి రోడ్డు దాటి తాళం వేసిన దుకాణం దాకా వెళ్ళింది. హుక్కులు కదలలేదు. డాక్టరు వేళ్ళ సందుల్లోంచి చూసి ఊపిరి పీల్చుకుంది.

నవ్వు ఆగేలా లేదు. భార్య తన కొత్త జేబులో చెయ్యి పెట్టి, తాళాలతోపాటు అప్పజెప్పాల్సిన పార్సెళ్ళ కత్తెర తీసింది. మణికట్టు ఆయన చేతిలోనే ఉంది కాబట్టి ఎడమచేత్తో కొంచెం వంకరగా ఆ దారం కత్తిరించింది. పక్కన నిలబడ్డ పై ఆఫీసరు ఆ నవ్వుకి బిత్తరపోయి చూస్తుంటే, ఆవిడ తలెత్తకుండానే అంది:

"మా ఆయనే లెండి."